గుణకారం గుర్తు

సోడివారిగుంపు, దుమ్ముగూడెం మండలం
ఆషాఢం, ముసురు

లిఖితా,

బాగున్నావా పిల్లా? నేను, దుర్గక్కను. ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అని మూతి తిప్పకు. డిగ్రీ పరీక్షలన్నింటికీ నా పక్కన కూర్చుని నేను చెప్పింది రాసిపెట్టినదానివి, నీ ఊపిరి తీరు కూడా నాకు తెలుసు. మొదటి పరీక్ష గుర్తుందా? నేను ‘కామా’ అంటే గుర్తు పెట్టడం మానేసి ‘కామా’ అని అక్షరాలతో రాసేశావు. పేజీ నిండా కామా, కామా. కాపలా ఉన్న సారు నవ్వితే నువ్వు ఏడ్చావు. నేను పాసయ్యాను, అది వేరే సంగతి.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఇల్లు ఒకటే గది. నేను గుసగుసలాడినా అమ్మకు, అన్నకు, వదినకు, పెరట్లో మేకకు కూడా తెలిసిపోతుంది. ఇట్లా మెయిల్ రాస్తే చెవిలో ఇయర్‌ఫోన్, వేలికింద అక్షరం, ఎవరికీ ఏమీ తెలియదు. ఇంటి దగ్గర సిగ్నల్ గాలివాటంగా వస్తుంది. వచ్చినప్పుడు ఇది దానంతట అదే నీ దగ్గరికి పోతుంది.

పని చెబుతాను. హైదరాబాదులో కరదీప ట్రస్టు అని ఒకటుంది. చూపులేని వాళ్లను ఆర్నెల్లు అక్కడే ఉంచి, కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్లకు జవాబు చెప్పే పని నేర్పి, ఉద్యోగంలో పెడతారు. దరఖాస్తు వాళ్ల వెబ్‌సైట్లోనే పెట్టాలి, కాగితం తీసుకోరు. ఆగస్టు నెలాఖరు దాకానే గడువు. వయసు లెక్క ప్రకారం నాకు ఈ ఏడే ఆఖరు. ఇది పోతే ఇంకో అవకాశం లేదు.

ఇబ్బంది ఏమిటంటే, ‘దరఖాస్తు’ అని నొక్కగానే ఒక పెట్టె వచ్చి మీద పడుతుంది. తెర మీద ఉన్నది నా ఫోన్ చదివి వినిపిస్తుంది కదా, ఆ పెట్టెలో అది చదివేది ఇంతే: “చిత్రం. గుణకారం. రాసే గడి. సరే, బటన్.” మళ్లీ వేలు జరిపితే మళ్లీ “చిత్రం. గుణకారం.” అక్కడే తిరుగుతుంది తప్ప బయటకు రాదు.

మనిషో మిషనో తేల్చుకోవడానికి పెట్టే లెక్క అని నాకు అర్థమైంది. వేరే సైట్లలో కూడమంటారు, వీళ్లు గుణించమంటున్నారు. అంకెలు ఆ చిత్రంలో ఉన్నట్టున్నాయి, నాకు వినపడవు. సరే, ఎక్కాలు వచ్చుగా అని రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టాను. ఏ జవాబు రాసినా “సరైనది కాదు” అంటుంది. ఇప్పుడు పదమూడో ఎక్కంలో ఉన్నాను. బళ్లో కూడా ఇంత శ్రద్ధగా చదవలేదే తల్లీ.

అమ్మ ఇంటి ముంగిట్లోంచి మేకల దొడ్డి దాకా తాడు కట్టింది, అది పట్టుకునే తిరుగుతాను. ఆ తాడు ఉన్నంత మేరే నా ఊరు. ఈ పెట్టెలో అదీ లేదు. నువ్వు వెబ్‌సైట్లు చేసే పనిలో ఉన్నావు కదా. ఆ చిత్రంలో ఏ అంకెలున్నాయో చూసి చెప్పు.

నీ
దుర్గక్క


ఖానాపురం హవేలి, ఖమ్మం
శనివారం

దుర్గక్కా,

నీ ఉత్తరం షేర్ ఆటోలో చదివి పకపకా నవ్వాను. పక్కనావిడ “ఏందమ్మా గట్ల నవ్వుతున్నవ్?” అంది. ఇంటికొచ్చి మళ్లీ చదివితే నవ్వు రాలేదు.

అక్కా, అది లెక్క కాదు. గుణకారం గుర్తులా కనపడేది మూసేసే గుర్తు. కళ్లున్నవాళ్లు దాన్ని తాకితే పెట్టె మాయమవుతుంది. నువ్వు తలుపును పట్టుకుని ఎక్కాలు అప్పజెబుతున్నావు. చిత్రంలో అంకెలేమీ లేవు, ట్రస్టుకు డబ్బిచ్చిన పెద్దమనిషి దండ వేసుకుని నవ్వుతూ ఉన్నాడు. ఆ రాసే గడి నీ మొబైల్ నంబర్ కోసం, వాళ్ల కబుర్లు పంపడానికి. పాపం, అది ఫోన్ నంబర్ అడుగుతుంటే నువ్వు పదమూడు తొమ్మిదులు నూటపదిహేడు అన్నావు.

ఎవరు చేశారో ఏమో ఆ సైటు, ఇలాంటివి చాలానే ఉంటాయి. నువ్వు దానితో తల బద్దలు కొట్టుకోకు. నీ వివరాలు, సదరం సర్టిఫికెట్ ఫొటో నాకు పంపు. నేను కూర్చుని నింపి పంపించేస్తాను. పరీక్షలప్పుడు రాయలేదా, ఇదెంత?

మా వాళ్లు తల్లాడలో మిర్చి నారు పోశారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా ఉద్యోగం నడుస్తోంది.

నీ
లిఖిత


సోడివారిగుంపు
గోదారి పెరిగిన రోజు

లిఖితా,

నీ ఉత్తరం విన్నాను. తలుపని తెలిశాక దాన్ని ఎన్నిరకాలుగా తట్టానో చెప్పలేను. నా ఫోన్ చదివే పద్ధతిలో దేన్నైనా తెరవాలంటే వేలితో రెండుసార్లు కొట్టాలి. ఆ గుణకారాన్ని రెండుసార్లు కొడితే ఉలకదు పలకదు. నాలుగుసార్లు కొట్టాను. నొక్కి పట్టుకున్నాను. వెనక్కి వెళ్లే గీత గీస్తే మొత్తం సైట్లోంచే బయటికి నెట్టేస్తుంది. మళ్లీ లోపలికొస్తే మళ్లీ అదే దండ వేసుకున్న పెద్దమనిషి. మీకు తలుపు, నాకు గోడ మీద గీసిన తలుపు బొమ్మ.

వాగు పొంగింది. రోడ్డుకు పోయే బాట మునిగింది. అమ్మ కూలికి పోలేదు, అన్న సతీష్ ఆటో తీయలేదు, అందరం ఒకే గదిలో కూర్చుని ఒకరి దగ్గు ఒకరు వింటున్నాం. నేను ఈ గది లోపల ఉన్న ఇంకో పెట్టెలో ఉన్నాను. వాళ్లకు ఆ సంగతి తెలియదు.

నువ్వు నింపొద్దు. పరీక్షల్లో రాసింది నువ్వే, కాదనను. ఇది మాత్రం నా వేలితోనే పోవాలి. ఎందుకో ఇప్పుడు అడగకు.

ఇంకో మాట. సైటు మొదటి పేజీలో ఆ పెట్టె ఉండదు, అడుగు దాకా పోవచ్చు. మీరెవరూ అడుగున ఉన్న వరుస చదవరు. నా ఫోన్ అన్నీ చదువుతుంది. “రూపకల్పన: శ్రీలేఖ్య వెబ్ వర్క్స్, ఖమ్మం” అంది. నువ్వు చేరినప్పుడు స్వీట్లు పంచి చెప్పిన పేరు అదే కదే? మొదటి ఉత్తరం రాసేనాటికే నాకు ఆ సంగతి తెలుసు. అందుకే నీకు రాశాను. నువ్వే చెబుతావని చూశాను.

ఎవరు చేశారో ఏమో అన్నావు. కామా అంటే కామా అని రాసిన పిల్లవి, ఇట్లా మాట మార్చడం ఎక్కడ నేర్చుకున్నావే?

దుర్గ


ఖానాపురం హవేలి
సోమవారం

దుర్గక్కా,

అక్క అని పెట్టకుండా ఉత్తరం కింద ఒట్టి దుర్గ అని పెట్టావు. అది చూసి అన్నం సహించలేదు.

అవును, మా ఆఫీసే. ఆ పెట్టె కట్టింది కూడా నేనే. మా సారు వెంకటనారాయణ గారు నా వెనక నిలబడి, “ఫొటో పెద్దగా కనపడాలమ్మా, మూసే గుర్తు చిన్నది పెట్టు, చప్పున మూసెయ్యకూడదు” అంటే అలాగే సార్ అన్నాను. అది చూపులేని వాళ్ల ట్రస్టు అని నాకు తెలుసు. తెలిసీ నా తలకు తట్టలేదు.

నిన్న నా ఫోన్లో ఆ చదివే పద్ధతి పెట్టుకుని, కళ్లకు చున్నీ కట్టుకుని ఆ సైటు తెరిచాను. చిత్రం, గుణకారం, గడి, బటన్. చిత్రం, గుణకారం. కాసేపటికి నాకు చెమటలు పట్టాయి. చున్నీ లాగేసి బయటపడ్డాను. నువ్వు ఏం లాగేస్తావు అక్కా?

ఇవాళ సారుతో చెప్పాను. ఆయన నవ్వాడు. “గుడ్డోళ్లు సైటు ఏం చూస్తారమ్మా? వాళ్లకి ఎవరో ఒకరు నింపి పెడతారు కదా” అన్నాడు. ట్రస్టు వాళ్లు ఫొటో కావాలన్నారు, ఫొటో ఉంది, మన పని అయిపోయింది, ముట్టుకోవద్దు అన్నాడు. అలాగే సార్ అని వచ్చేశాను. చేరేటప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆయన బీరువాలో పెట్టుకున్నాడు. రెండేళ్లు పని చేస్తేనే ఇస్తానని రాయించుకున్నాడు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంకో చోటికి వెళ్దామన్నా చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. నీకు తాడన్నా ఉంది, నాకున్నది బీరువా తాళం శబ్దమే.

కోపగించుకో, తిట్టు. కానీ గడువు దగ్గరికొస్తోంది. నన్ను నింపనీ అక్కా, కాళ్లు పట్టుకుంటాను.

లిఖిత


సోడివారిగుంపు
వరద తీసిన మర్నాడు

లిఖితా,

కాళ్లు పట్టుకోవద్దు, బురద ఉంది. కోపం తగ్గింది. పూర్తిగా పోలేదు, కొంచెం దాచిపెట్టుకున్నాను, పనికొస్తుంది.

మీ సారు అన్న ‘ఎవరో ఒకరు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఎవరో ఒకరు నాకూ ఉన్నాడు. మా అన్న.

నిరుడు ఇదే ట్రస్టుకు అన్నే నింపాడు. తన ఫోన్లో, తన నంబర్ ఇచ్చి. నేను పక్కన కూర్చుని అడిగినవన్నీ చెప్పాను. నెల తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అన్న వాకిట్లోకి పోయి మాట్లాడాడు. నాకు కళ్లు లేవని అందరికీ గుర్తుంటుంది గానీ, చెవులున్నాయని ఎవరికీ గుర్తుండదు. “మా చెల్లెకు ఇష్టం లేదు సార్. ఇడ్సిపెట్టుండ్రి” అన్నాడు. లోపలికొచ్చి నాకు మొక్కజొన్న పొత్తు కాల్చి ఇచ్చాడు. మధ్యలో ఎంపిక ఏమైందన్నా అని అడిగితే, “రాలేదే, పట్నపోళ్లకే ఇచ్చుకున్నట్టున్నరు” అన్నాడు. నేను ఆ పొత్తు తిన్నాను.

వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే బాగుండేది, ఒక్క తిట్టు తిట్టి పోయేదాన్ని. తట్టు పోసి నా చూపు పోయిన ఏడు నన్ను భుజాన వేసుకుని భద్రాచలం దవాఖానాకు నడిచింది వాడే. నాకేమైనా అవుతుందని వాడికి భయం. ఆ భయాన్నంతా తెచ్చి నా చుట్టూ కట్టాడు. హాస్టల్లో ఇచ్చిన నా తెల్ల కర్రను అటక మీద పెట్టాడు, నలుగురూ చూస్తారని. అమ్మ కట్టిన తాడును ప్రతి వానాకాలం కొత్తది చేసేది వాడే. ఎప్పుడూ పొడుగు పెంచలేదు.

నువ్వు నింపితే నువ్వు నా మేలు కోరే ఇంకొకరివి అవుతావు. ఆ ఫోన్ వచ్చినప్పుడు, “ఎవరు నింపారమ్మా?” అని వాళ్లు అడిగితే “నేనే” అనాలి. నింపడం కూడా రాని దానివి అక్కడెట్లా బతుకుతావని అన్న అడుగుతాడు, అప్పుడూ “నేనే” అనాలి. నాకు ఆ ఒక్క మాట కావాలి. ఇది పోతే మళ్లీ అడగను, ఈ తాడు పట్టుకునే ముసలిదాన్నవుతాను.

తలుపు నువ్వు కట్టావు. తీసే పని కూడా నీదే.

దుర్గక్క


ఖమ్మం
బుధవారం

దుర్గక్కా,

కింద దుర్గక్క అని చూసి ప్రాణం లేచొచ్చింది.

మా సారు పెళ్లికని మధిర వెళ్లాడు. ఆయన లేనప్పుడు ఆ పెట్టెను విప్పదీసి మళ్లీ కట్టాను. ఇప్పుడే అందరికీ కనపడే చోట పెట్టలేదు, విడిగా ఒక లింకు పంపుతున్నాను, నీకు మాత్రమే. గుణకారం గుర్తుకు లోపల పేరు పెట్టాను, అది చూపున్న వాళ్లకు కనపడదు, నీ ఫోన్ చదువుతుంది. రెండుసార్లు కొడితే తెరుచుకుంటుంది. రాసే గడులన్నింటికీ ఏది దేనికో రాశాను. నిన్నంతా చున్నీ కట్టుకునే పని చేశాను. పక్క కుర్చీలో పనిచేసే నాని, “ఏందే, కళ్లకలకనా?” అన్నాడు.

పరీక్ష పెట్టి చూడు. తప్పులుంటే చెప్పు, ఏడవను.

లిఖిత


సోడివారిగుంపు
అదే వారం

పిల్లా,

తెరిచాను. పెట్టె వచ్చింది. నా ఫోన్ గంభీరంగా “ముయ్యి, బటన్” అంది.

ఉలిక్కిపడ్డానే! ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తే రోజూ వినే మాటే అది, చివరికి ఫోన్ కూడా మొదలుపెట్టిందనుకున్నాను. ఇంగ్లీషులో క్లోజ్ అని ఉంటే నువ్వు బుద్ధిగా తెలుగులో రాసిపెట్టావు. మళ్లీ కామా అని రాసిన పనే చేశావు. పగలబడి నవ్వాను, వదిన వచ్చి “పిచ్చి గిట్ల పట్టిందా?” అంది.

కానీ కొట్టగానే తెరుచుకుంది. పెట్టె పోయింది. దరఖాస్తు మొదటి గడి దగ్గర “మీ పేరు” అంది. నాకు ఒక నిమిషం ఏమీ రాయబుద్ధి కాలేదు, ఊరికే ఆ మాట మళ్లీ మళ్లీ విన్నాను.

ముయ్యి తీసెయ్. మీకు అది మూసేది, లోపల ఇరుక్కున్నదానికి అది తెరిచేది. ‘బయటికి’ అని పెట్టు. ఇంకొకటి, పుట్టిన తేదీ దగ్గర ఒక క్యాలెండర్ ఊడిపడుతోంది, దాంట్లో కూడా తిరుగుతూనే ఉన్నాను. ఈ నెల నుంచి ఒక్కో నెలా వెనక్కి జరుపుకుంటూ నేను పుట్టిన ఏడాదికి పోవాలట. నన్ను మళ్లీ పుట్టమన్నా అంతకన్నా తొందరగా అవుతుంది. ఊరికే అంకెలు రాయనీ.

అన్నీ సరిచేసి అందరికీ కనపడే చోట పెట్టు. అసలు దరఖాస్తు అక్కడే నింపాలి కదా.

దుర్గక్క


ఖమ్మం, ఆఫీసు నుంచి
శుక్రవారం పొద్దున

అక్కా,

ఫోన్ కలవట్లేదు, అందుకే రాస్తున్నాను. తొందరగా వినాలి నువ్వు.

నిన్న అసలు సైట్లో పెట్టేశాను. బయటికి, క్యాలెండర్, అన్నీ. ఇవాళ పొద్దున్నే ఆ పెద్దమనిషి తాలూకు వాళ్లు సారుకు ఫోన్ చేశారు, ఫొటో ఇట్టే పోతోందని. గుర్తు పెద్దది చేశాను కదా, అది కనిపెట్టారు. సారు అందరి ముందూ “ఎవరు ముట్టుకున్నారు?” అన్నాడు. నేనే సార్ అన్నాను. పాతది మళ్లీ పెట్టమన్నాడు. పెట్టను సార్ అన్నాను. నా గొంతేనా అనిపించింది. బీరువా వైపు చూశాడు, నేనూ చూశాను. ఆ పని నానికి చెప్పాడు. నాని ఇంకో పని మీద ఉన్నాడు, సాయంత్రం ఆఫీసు కట్టేలోపు పాతది పెట్టేస్తాడు.

గడువు ఎల్లుండే. ఇవాళ సాయంత్రం దాకానే తలుపు తెరిచి ఉంటుంది. సిగ్నల్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లు. ఇప్పుడే నింపు.

లిఖిత


సోడివారిగుంపు
శనివారం

లిఖితా,

అయిపోయింది. ముందు ఆ మాట చెప్పాలి, లేకపోతే నువ్వు గోళ్లు కొరుక్కుంటావు.

నిన్న పొద్దున్నుంచి వాన, కరెంటు లేదు. మధ్యాహ్నం ఒక్కసారి ఫోన్ కదిలి నీ ఉత్తరం వచ్చి పడింది, సిగ్నల్ మళ్లీ చచ్చింది. అమ్మ నాట్లకు పోయింది. వదిన బిడ్డను నిద్రపుచ్చుతోంది. గొడుగు తీసుకుని మేకల దొడ్డి దాకా తాడు పట్టుకుని పోయాను. తాడు చివర ఒక ముడి ఉంటుంది. ఆ ముడిని పట్టుకుని నిలబడ్డాను. భయమేసింది. సిగ్నల్ దొరికే మిట్ట ఎటుందో నాకు తెలుసు, చూపు పోకముందు అక్కడ ఆడుకున్నదాన్నే. అయినా చెయ్యి ముడిని వదలనంది. ఇంకా నిలబడితే నాని పని అయిపోతుందని గుర్తొచ్చింది. వదిలేశాను.

గొడుగు విప్పలేదు, దాన్నే కర్ర చేసుకున్నాను. కాలికి బురద తగిలితే బాట, గడ్డి తగిలితే బాట తప్పినట్టు. రెండుసార్లు పడ్డాను. మిట్ట ఎక్కేసరికి ఫోన్ టింగుమని మోగింది, ఏడుపొచ్చింది. సైటు తెరిచాను. తీరా చూస్తే తడిసిన తెర నా వేలి మాట వినదు. కొంగుతో తుడిస్తే కొంగూ తడే. ఇయర్‌ఫోన్ ఎక్కడో జారిపోయింది, ఫోన్ బయటికే గట్టిగా చదువుతోంది.

కింద రోడ్డు మీద అన్న ఆటో ఆగిన చప్పుడైంది. పరుగెత్తుకొచ్చాడు.

“చెల్లే! ఈడికెట్లొచ్చినవే? ఎవలు తోల్కొచ్చిండ్రు?”

“ఎవలు తోల్కరాలే. నేనే వచ్చిన.”

అప్పుడే ఫోన్ అరిచింది, “బయటికి, బటన్” అని.

“ఏందది? ఎవలు బయటికి?”

“నేనే అన్నా.”

ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. “నిరుడు సారుకు ఫోన్ల నువ్వు చెప్పింది నేను విన్న. నాకిష్టం లేదన్నవ్. నన్నడిగినవా?” అన్నాను.

“ఆ పట్నంల రోడ్డెట్ల దాటుతవే? నాకు నిద్ర పట్టది” అన్నాడు.

“ఈ మిట్ట ఎట్లెక్కిన్నో గట్లనే దాటుత.”

వాడు నా చేతిలోకి చెయ్యి పెట్టాడు. ఫోన్ లాక్కుంటాడని గట్టిగా పట్టుకున్నాను. వాడు తీసుకుంది గొడుగు. విప్పి నా మీద పట్టాడు. పొడి తువ్వాలు ఇచ్చి, “తుడుసుకో. జల్దీ రాయి, బ్యాటరీ అయిపోతది” అన్నాడు. అంతే.

రెండుసార్లు కొట్టాను. పెట్టె పోయింది. పేరు రాశాను, ఊరు రాశాను, పుట్టిన తేదీ అంకెలతో రాశాను. మొబైల్ నంబర్ నాది ఇచ్చాను. ఓటీపీ నా ఫోన్‌కు వచ్చింది. పూర్తయ్యేదాకా వాడు గొడుగు దించలేదు, ఒక్క గడి నింపుతానని కూడా అనలేదు. “మీ దరఖాస్తు అందింది” అని ఫోన్ చెబితే ఇద్దరం విన్నాం. ఆటోలో ఇంటి దగ్గర దింపి మళ్లీ కిరాయికి పోయాడు. కోపమో ఏమో తెలియదు.

నీ సంగతి రాయి.

దుర్గక్క


ఖానాపురం హవేలి
ఆదివారం

దుర్గక్కా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను, గొడుగు దగ్గర అమ్మ ముక్కు చీదుకుంది.

నాని శుక్రవారం సాయంత్రమే పాత పెట్టె పెట్టేశాడు. పెద్దమనిషి మళ్లీ నవ్వుతున్నాడు. నాకు ఇప్పుడు సైట్లు ఇవ్వట్లేదు, మిర్చి యార్డు వ్యాపారుల పోస్టర్లు చేయిస్తున్నారు. నేనే సార్ అన్నదాన్నే గానీ, మర్నాడు మళ్లీ అలాగే సార్ అంటున్నాను. అడగాల్సింది నోటిదాకా వస్తుంది, బీరువాను చూడగానే లోపలికి పోతుంది. నా గురించి రాయడానికి ఇంతే.

లిఖిత


హైదరాబాదు
కార్తీకం

లిఖితా,

వచ్చి చేరాను. నేనే అనాల్సిన చోట నేనే అన్నాను. ఫోన్ వచ్చినప్పుడు వాళ్లు మొదట అడిగింది అదే.

బయల్దేరే రోజు అన్న అటక మీది కర్ర దించి నా చేతికిచ్చాడు. ఇంతలో ఏదో సంచిలో కుక్కుతున్న చప్పుడైంది. తడిమితే తాడు, చుట్టచుట్టి పెట్టాడు. “హాస్టల్ల కట్టుకో” అన్నాడు. “మేకను కట్టెయ్ అన్నా” అన్నాను. అమ్మ నవ్వింది, వాడు నవ్వలేదు. భద్రాచలం బస్టాండులో బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. వాడి ఊపిరి వినపడుతూనే ఉంది.

ఇక్కడ చాలామందికి ఎవరో ఒకరు నింపిపెట్టారు, అన్నలో, నాన్నలో, బావలో. సక్రి అని మహబూబాబాద్ వైపు పిల్ల ఒకతె నా పక్క మంచం. నిన్న మాటల్లో అంది: “నేను నెల రోజులు ఆ పెట్టెల ఇరుక్కున్న అక్కా. ఇగ కాదని ఇడ్సిపెట్టిన. ఆఖరికొక్కసారి చూద్దమని శుక్రారం తెరిస్తే బయటికి అనొచ్చింది. ఎవలు పెట్టిన్రో గాని, ఆల్ల కడుపు సల్లగుండ.” ఒక్క రోజు తెరిచి ఉంచావు, ఇద్దరం బయటపడ్డాం. ఆ పెట్టె సంగతి ఇక్కడి మేడమ్‌కు చెప్పాను. చూద్దాం అంది. ఆ మాటకు సక్రి, నేను ఒకేసారి నవ్వాం. రోజూ అడుగుతున్నాను, వదలను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు బీరువా వంక చూస్తూ ఎక్కాలు అప్పజెబుతున్నావు. అది లెక్క కాదేమో, ఒకసారి తట్టి చూడు. నీ బదులు నేను అడగను, అది నీ నోటితోనే పోవాలి.

దుర్గక్క


ఖమ్మం
మంగళవారం

దుర్గక్కా,

ఇవాళ సారు గదిలోకి వెళ్లి నా సర్టిఫికెట్లు నాకు ఇవ్వండి అని అడిగాను కామా ఇవ్వనన్నారు కామా రేపు పొద్దున మళ్లీ అడుగుతాను కామా

లిఖిత